సాయిబన్న బండి లెక్క

మొదట అనుకున్నది లక్షా ఇరవై వేలు. అయింది 3,51,520 రూపాయలు. చివరున్న ఆ ఇరవై రూపాయల సంగతి తర్వాత చెప్తాం.

పాత అంబాసిడర్‌కి మూడున్నర లక్షలా అని ఊళ్లో చాలామంది అడిగారు. ఒక మిత్రుడైతే "మీకింకా నవాబు సోకులు పోలేదయ్యా" అన్నాడు. అభ్యుదయవాది, మాకు ఇష్టమైనవాడు, నవ్వుతూనే అన్నాడు. మేమూ నవ్వాం. నవాబుల కార్లు మేమూ చూశాం. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెసులో, టికెట్టు కొనుక్కుని. 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ అది. మా తాత మాత్రం మంథని పక్క పల్లెలో బట్టలు కుట్టి బతికినవాడు. గోదావరిఖనిలో బొగ్గుబాయిలు తెరుస్తున్నారని విని, 1960లలో కుట్టుమిషన్‌ను సైకిలు క్యారేజీకి కట్టుకుని వచ్చాడు. నవాబుకీ మాకూ ఉన్న చుట్టరికం అంతే. అయినా సాయిబు అనగానే వెనకాల ఒక కోట, ఒక నిజాం, ఒక రోల్స్‌రాయిస్ కనపడతాయి మనవాళ్లకి.

మేం నలుగురం. ఆపా, ఇద్దరం మధ్యవాళ్లం, చివర తమ్ముడు. కారు అబ్బాది.

1978 మోడల్ అంబాసిడర్ మార్క్ 3. తెల్లది. 1986లో ఒక కాంట్రాక్టరు దగ్గర సెకండ్‌హ్యాండులో కొన్నాడు. ముందు కూడా బెంచీ సీటే, స్టీరింగు కిందే గేరు రాడ్డు. చౌరస్తాలో కిరాయికి పెట్టేవాడు. బాయిలో దెబ్బ తగిలినవాళ్ల ఇంటివాళ్లని కరీంనగర్ ఆస్పత్రికి తీసుకుపోవడం, పెద్దపల్లి స్టేషన్‌కి, మంచిర్యాలకి, పెళ్లిళ్లకి, చావులకి. సోమవారమొస్తే వేములవాడ. రాజన్న గుడి ఆవరణలోనే దర్గా కూడా ఉండేది. కిరాయి వాళ్లు కోడెమొక్కు తీర్చుకునేసరికి అబ్బా దర్గా దగ్గర ఫాతెహా చదువుకుని వచ్చి బండిలో కూర్చునేవాడు. డ్యాష్‌బోర్డు మీద ఎవరో ఇచ్చిన రాజన్న ఫోటో. ముందద్దం మీద 786. బిస్మిల్లా అక్షరాలను అంకెల్లోకి లెక్కగడితే వచ్చేది అది. రెండూ పక్కపక్కనే ఉండేవి. దాన్ని గురించి ఆయన ఎన్నడూ ఉపన్యాసం ఇవ్వలేదు.

అందరూ ఆయన్ని 'సాయిబన్న' అన్నారు. కార్మికులు, ఓవర్‌మెన్లు, యూనియన్ నాయకులు, కూరగాయల ఆమె, అందరూ. ఆ పిలుపులో ప్రేమ ఉంది, కాదనం. కాని ఇరవై ఏళ్లు ఆయన బండి ఎక్కినవాళ్లలో ఆయన పేరు ఎంతమందికి తెలుసు? ఆర్సీ పుస్తకంలో ఉంది, రేషన్ కార్డులో ఉంది, మసీదులో తెలుసు. చౌరస్తాలో మాత్రం ఆయన సాయిబన్నే, మేం సాయిబన్న పిల్లలమే. మా నలుగురికీ కలిపి ఒకటే పేరు ఉండేది. అందుకేనేమో, ఈ ఊరి సంగతి ఏం చెప్పబోయినా మాకు 'మేం' అనే వస్తుంది.

2003 జూన్ 16న సెవెన్ ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు వచ్చి పడ్డాయి. పదిహేడు మంది చనిపోయారు. ఆ రోజుల్లో ఊళ్లనుంచి వచ్చే చుట్టాల్ని స్టేషన్ నుంచి బాయి దగ్గరికి, బాయి దగ్గరినుంచి ఇళ్లకి అబ్బా తిప్పుతూనే ఉన్నాడు. కిరాయి అడగలేదు. ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు. వెనక సీటు గుడ్డకి పట్టిన బురద అమ్మీ కడిగింది. తర్వాత ఇండికాలు, సుమోలు, ఆటోలు ఎక్కువై అంబాసిడర్‌ని పిలిచేవాళ్లు తగ్గారు. 2006లో టాక్సీ పర్మిట్ వదిలేసి సొంత బండిగా మార్పించాడు. 2014 మే నెలలో ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగిపోయిందని వార్త వచ్చినప్పుడు ఆయన మంచంలో ఉన్నాడు. చదివి వినిపిస్తే "అచ్ఛా" అన్నాడు, అంతే. మరో రెండేళ్లకి పోయాడు. బండి మీద టార్పాలిన్ కప్పి పెట్టాం. అంతకుమించి ఏమీ చెయ్యలేదు.

2022లో రంజాన్ తర్వాత టార్పాలిన్ తీశాం. నలుగురం తలా ముప్పై వేలు వేసుకున్నాం. ఉస్తాద్ కారు చుట్టూ తిరిగి, బానెట్ ఎత్తి, ఒక కాగితం మీద రాసిచ్చాడు. ఇంజిన్ పని 35,000. డెంటింగ్, పెయింటింగ్ 50,000. సీట్లు 15,000. టైర్లు 20,000. సరిగ్గా లక్షా ఇరవై. మేం దాన్నే నమ్మాం.

తప్పు ఉస్తాద్‌ది కాదు. పైనుంచి చూసి చెప్పింది పైనే ఉంటుంది. మ్యాట్లు లాగి, వాటి కింద గట్టిపడిన తారుపొరను గీకితే రేకు పొరలు పొరలుగా ఊడివచ్చింది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే అవతలికి దిగింది. మా ఊళ్లో దుమ్మంటే ఉత్త మన్ను కాదు. బొగ్గుపొడి సందుల్లోకి దూరి, వానకి తడిసి, ముద్దయి అక్కడే ఉండిపోతుంది. తడి ఆరదు. డోర్ల కింది పెట్టెల్లోనుంచి గిన్నెడు నల్లముద్ద తీశాం. అంబాసిడర్‌కి జీపుకున్నట్టు విడిగా ఛాసిస్ లేదు. బాడీయే ఛాసిస్. జీపులో ఫ్లోరు రేకు పోతే కాళ్లకింద రంధ్రం పడుతుంది, అంతే. ఇందులో ఫ్లోరూ పక్కపెట్టెలూ పోతే బండి నడుమే విరిగినట్టు. డోర్లు విప్పితే మళ్లీ పట్టవు. అందుకని ముందు లోపల ఇనుప గొట్టాలు అడ్డంగా వెల్డింగ్ చేసి, బాడీ వంగకుండా బిగించి, అప్పుడు ఒక్కొక్క ముక్కే కోసి కొత్త రేకు వెయ్యాలి. ఒకేసారి కోస్తే కారు అరటిపండులా వంగుతుందని ఉస్తాద్ చెప్పాడు.

రేకు పనికి, డెంటింగ్‌కి కలిపి 78,000 అయింది. ఇంకా రంగు డబ్బా మూత తియ్యలేదు. ఆ రంగుకు వేరే 62,000. ఎన్ని సొట్టలు తీస్తే అన్ని బయటపడ్డాయి. పాత పెయింటు కింద పాత పుట్టీ, దాని కింద అంతకంటే పాత పుట్టీ. ఒకచోట అర అంగుళం మందం. ఎప్పటిదో యాక్సిడెంటు, మాకు ఎన్నడూ చెప్పలేదు.

ఖర్చు రాయడానికి ఒక పుస్తకం పెట్టాం. అబ్బాకి కూడా ఒకటి ఉండేది, కిరాయిలు, రిపేర్లు ఉర్దూలో రాసుకునేవాడు. అది మాలో మొదటి ముగ్గురం చదవగలం. తమ్ముడు ఇంగ్లీషు మీడియం, వాడికి ఆ పుస్తకం ఉత్త గీతలు. "బడ్జెట్ దాటింది" అని వాడు ప్రతి ఆదివారం ఫోన్లో అనేవాడు. మేం రాస్తున్న పుస్తకం వైపు చూస్తే ఖర్చు, జమ, బాకీ, వసూలు, రశీదు, కిస్తీ, మరమ్మతు. తెలుగువాళ్ల జేబులో రూపాయి ఎటు కదిలినా నోట్లోంచి వచ్చేవి అరబ్బీ, ఫార్సీ మాటలే. ఎవరినీ అవి పరాయివిగా అనిపించవు. ఆ మాటలతో పాటు వచ్చిన మనుషులు మాత్రం...

పోనివ్వండి. ఇంజిన్ దగ్గరికి వద్దాం. మా బడ్జెట్‌ని ముంచింది రేకు కాదు, ఒక మాట. 'అసలు'.

బండి పుట్టినప్పుడు పెట్రోలుది. టాక్సీకి పెట్రోలు గిట్టక, 1991లో అబ్బా ఒక డీజిల్ అంబాసిడర్ నుంచి తీసిన ఇంజిన్ వేయించాడు. అబ్బా పుస్తకంలో తారీఖుతో సహా ఉంది. ఇరవై ఐదేళ్లు ఆ బండి అబ్బాతో ఉన్నది డీజిల్ ఇంజిన్‌తోనే. మేం పడుకుని వింటే చౌరస్తా మలుపు దగ్గరే చప్పుడు తెలిసేది, అమ్మీ లేచి పొయ్యి వెలిగించేది.

అయితే 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాలకి నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్లు దాటి ఉండాలి. బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్‌గాని, బాడీగాని, ఇంజిన్‌గాని మార్చి ఉండకూడదు. అలాంటి వాటికి వీఏ అక్షరాలతో వేరే నంబరు. రిజిస్ట్రేషన్ ఫీజు 20,000. తమ్ముడు హైదరాబాదు నుంచి ఈ కబురు మోసుకొచ్చాడు. "2028కి మన బండికి యాభై. పెట్రోలు ఇంజిన్ వేసి అసలు రూపానికి తెద్దాం. అబ్బా బండి వింటేజ్ అవుతుంది, సర్కారు కాగితం మీద ఉంటుంది" అన్నాడు. సర్కారు కాగితం అనేసరికి మా అందరికీ ఒకేసారి ఒళ్లు పులకరించింది. ఎందుకని అడగొద్దు. 2019, 2020 శీతాకాలంలో తాత కాగితాల కోసం, నాయనమ్మ కాగితాల కోసం ఇనుపపెట్టెలు వెతుక్కున్న ఇళ్లల్లో మాది ఒకటి. ఒక్క కాగితం మీద అయినా 'ఇది అసలుది' అని ముద్ర పడుతుందంటే, అది కారుకి పడినా సరే అనిపించింది.

ఈ 'అసలు' అనే మాట మమ్మల్ని బాగా వాయించింది. హైదరాబాదులో అద్దెకి ఇల్లు చూసినప్పుడల్లా "మీ అసలు ఊరేది?" గోదావరిఖని అంటే "అది కాదండీ, అసలు?" మంథని అంటే "దానికి ముందు?" ఎంత వెనక్కి పోతే వాళ్లకి తృప్తో తెలియదు. ఇంకోవైపు ఉర్దూ పత్రికల మిత్రుల దగ్గరికి పోతే మా నోట్లో 'నక్కో', 'హౌ' విని "మీది అసలు ఉర్దూ కాదు భాయ్" అంటారు. తెలుగు సభల్లో మాట్లాడితే "అబ్బ, అసలు తెలుగువాళ్లలాగే మాట్లాడుతున్నారే" అని మెచ్చుకుంటారు. ఇంత అనుభవం ఉండి కూడా మేం కారు అసలు రూపం కోసం బయలుదేరాం చూడండి, దాన్ని ఏమనాలి.

ఆ కారుకైనా అసలు ఏముంది? ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే బండి. దాని డిజైను తెచ్చుకుని 1957-58లో బెంగాల్‌లో తయారు చేయడం మొదలుపెట్టారు. ముఖం మార్చారు, మార్క్ 2 అన్నారు, 3 అన్నారు, 4 అన్నారు. తర్వాత జపాన్ ఇసుజు ఇంజిన్ వేశారు. అదే దేశీ కారని, మంత్రుల కారని పేరు. ఫ్యాక్టరీ మూతపడ్డాక 2017లో ఆ ఉత్త పేరునే ఫ్రెంచి కంపెనీ ప్యూజో 80 కోట్లకి కొనుక్కుంది. అంబాసిడర్‌ని ఎవరూ నీ అసలు ఊరేది అని అడగలేదు.

పెట్రోలు ఇంజిన్ కోసం సికింద్రాబాదు రాణీగంజ్ అంతా తిరిగాం. ముక్కలు దొరికాయి, ఇంజిన్ దొరకలేదు. చివరికి కలకత్తా మల్లిక్ బజార్‌లో దొరికింది. అక్కడి పాత సామాన్ల దుకాణాల్లో సగం మాలాంటివాళ్లే. ఫోన్లో బేరం ఉర్దూలో జరిగింది. ఇంజిన్, లారీ కిరాయి, బిగింపు కలిపి 71,500. అంతకుముందే ఉస్తాద్ డీజిల్ ఇంజిన్‌ని 46,000 పెట్టి పూర్తిగా చేసిపెట్టాడు, అది షెడ్డులో మూలన గుడ్డ కప్పుకుని కూర్చుంది. అంటే ఒక కారుకి రెండు ఇంజిన్లకి డబ్బు కట్టాం. బ్రేకులు, వైరింగు, బంపర్ల క్రోమ్ ఇంకా మిగిలే ఉన్నాయి. చేతిలో పైస లేదు.

వడ్డీకి ఇస్తామన్నవాళ్లు ఉన్నారు, బొగ్గుబాయిల ఊళ్లో వాళ్లకేం కొదవ. అమ్మీ ఒప్పుకోలేదు. "సూద్ కా పైసా ఇస్ ఘర్ మే నక్కో" అంది. అని, బీరువాలోంచి ఉమ్రా పైసలు తీసింది. 95,000. అబ్బా పోయాక పింఛనులోంచి, మేం పండక్కి ఇచ్చినదాంట్లోంచి ఐదేళ్లు దాచింది. కర్జె హసనా అని ఇచ్చింది, అంటే వడ్డీ లేని అప్పు, అయినప్పుడు తిరిగివ్వాలి. మేం వద్దనలేదు. వద్దనాల్సింది. ఆపా ఒక్కతి "అమ్మీ పైసలు ముట్టొద్దు, బండి అట్లే ఉండనియ్యండి" అంది. ఆమె మాట ముగ్గురం వినలేదు. ఈ లెక్కలో మాకు ఇప్పటికీ సిగ్గనిపించేది ఇదే.

పెట్రోలు ఇంజిన్‌తో బండి స్టార్టయిన రోజు అమ్మీని షెడ్డుకి తీసుకుపోయాం. మెత్తగా, కుట్టుమిషన్‌లా ఆడుతోంది. అందరం చప్పట్లు కొట్టాం. అమ్మీ కాసేపు విని, "దీంట్ల ఎక్కి ఎక్కడెక్కడ పోవచ్చు?" అని అడిగింది. ఎక్కడికైనా అన్నాం. ఆ రాత్రి మాకెందుకో అనుమానం వచ్చి నిబంధనలు మొత్తం తెరిచి చదివాం. వింటేజ్ నంబరు పడ్డ బండిని రోజువారీ అవసరాలకి రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనకి, ర్యాలీకి, పెట్రోలుకి, రిపేరుకి మాత్రం తీయొచ్చు. కిరాయి అసలే కుదరదు. ఇదికాక బాడీ మార్చకూడదన్న షరతు ఎట్లాగూ ఉంది, మేమేమో ఫ్లోరంతా కోసి కొత్తది వేశాం. జీవోలు చదివి రెండు భాషల్లో వార్తలు రాసి బతికే ఇల్లు మాది. ఆ ఇంట్లో రెండో పేజీ చదవకుండా లక్ష రూపాయల దాకా కదిలించాం.

అమ్మీకి చెప్పక తప్పలేదు. ఆమె అరవలేదు. "నడపొద్దన్న బండికా నా ఉమ్రా పైసలు" అని ఒక్కమాట అంది. ఆ మాటకి జవాబు ఏ భాషలోనూ దొరకలేదు.

మర్నాడే ఉస్తాద్‌కి చెప్పాం, డీజిల్ ఇంజిన్ మళ్లీ వెయ్యమని. ఆయన నవ్వాడా తిట్టుకున్నాడా తెలియదు, పాన్ ఉమ్మి వచ్చి పానా అందుకున్నాడు. దింపి ఎక్కించినందుకు 12,000. పెట్రోలు ఇంజిన్‌ని 38,000కి అమ్ముకున్నాం. ఆ ఒక్క 'అసలు' మాటకి మాకు నికరంగా పడింది 45,500. ఇంకా పాత ఆర్సీలో ఇంజిన్ నంబరు అదృష్టవశాత్తూ డీజిల్‌దే ఉంది, ఆ ఒక్క తలనొప్పి తప్పింది. రెన్యువల్‌కి మాత్రం ఆలస్యమైనందుకు చెల్లించాం. పదిహేనేళ్లు దాటిన కార్లకి ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 అయింది. జరిమానా, ఇన్సూరెన్సు కలిపి మొత్తం 19,600. మేం ఆర్నెల్ల ముందు మేలుకుని ఉంటే కొంత మిగిలేది.

ఇక ఇరవై రూపాయలు.

ముందద్దం మూలన చీలి ఉండింది, కొత్తది వేశాం. పాత అద్దంతో పాటు 786 స్టిక్కరు కూడా పోయింది. అది ఎవరమూ చూసుకోలేదు. బండి సిద్ధమై నిలబడ్డాక ఆపా చూసి "అరే, సాత్ సౌ ఛియాసీ ఏదీ?" అంది. తెచ్చి అంటిద్దాం అన్నాం. తమ్ముడు వద్దన్నాడు. వాడు నాస్తికుడు కాదు, ఐదు పూటలా నమాజు చదువుతాడు. "హైవే మీద ఎక్కడన్నా ఆపితే ఇంట్లవాళ్లు ఉంటరు. ఆ స్టిక్కర్ ఎందుకు, మనసులో ఉంటే చాలు" అన్నాడు. వాడి స్నేహితుడు ఒకడు హైదరాబాదులో క్యాబ్ నడుపుతాడు, పేరు చూసి బుకింగ్ రద్దు చేసుకోవడం వాడికి మామూలైపోయింది. రద్దు చేసుకున్నవాళ్లకి కారణం చెప్పాల్సిన పని కూడా లేదట. వాడి భయాన్ని కొట్టిపారెయ్యడానికి మాకు నోరు రాలేదు. అబ్బా రోజుల్లో పేరు ఎవరూ అడక్కుండానే సాయిబన్న అని ఎక్కేవాళ్లు. ఇప్పుడు పేరు ముందే ఫోన్లో కనపడుతుంది.

ఈ గొడవ వింటున్న పెయింటరన్న కల్పించుకున్నాడు. "సాయిబన్న బండికి ఏడెనిమిదారు లేకుంటె ఎట్లుంటదే? చిన్నప్పుడు మా నాయినను గిదే బండ్ల కరీంనగరం తీస్కపోయిండు" అన్నాడు. అతని కళ్లు తడిసిన మాట నిజం. ఇలాంటిది దొరికితే ఇక్కడే ఆపేసి, మతసామరస్యం మీద ఒక మంచి ముగింపు రాసెయ్యొచ్చు. మా వృత్తిలో అది పావుగంట పని, సెక్యులర్ మిత్రులూ సంతోషిస్తారు. కాని ఆ వారమే, ఉస్తాద్ దగ్గర పనిచేసే కుర్రాడు పెళ్లిచేసుకుని గది కోసం వెతుకుతుంటే, ఇదే పెయింటరన్న తన ఇంటి వెనక గది సాయిబులకి ఇవ్వనన్నాడు. "నాకేం లేదు, మా ఇంట్లోల్లు ఒప్పుకోరు" అన్నాడు. రెండూ ఒకే మనిషి. రెండూ నిజమే. అతను రంగు మాత్రం బ్రహ్మాండంగా వేశాడు, ఆ తెలుపు ఎండలో చూడాలి.

స్టిక్కరు కొన్నాం. ఇరవై రూపాయలు. పుస్తకంలో రాశాం. అంటించాలా వద్దా అన్నది తేలక రెండు వారాలు బండి షెడ్డులోనే ఉండిపోయింది. 62,000 రంగు గురించి రెండు నిమిషాల్లో తేల్చుకున్నవాళ్లం, దీని దగ్గర ఆగిపోయాం. అమ్మీని అడిగితే "మీ అబ్బాను అడగండి" అంది. చివరికి తమ్ముడు హైదరాబాదు వెళ్లిపోయిన తర్వాతి శుక్రవారం ఆపా తనే వెళ్లి అంటించింది, పాతది ఉన్నచోటే, ఎడమ పైమూలన. వాడికి ఫోన్ చేసి చెప్పింది కూడా. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "సరే. నేను నడిపేటప్పుడు మాత్రం..." అని ఆపేశాడు. ఆ వాక్యం ఇంతవరకు పూర్తి చెయ్యలేదు. పండక్కి వచ్చినప్పుడు బండి అతనే నడుపుతాడు, ఊళ్లో. హైవే ఎక్కడు.

డ్యాష్‌బోర్డు మీద రాజన్న ఫోటో కూడా పాతదే, కడిగి పెట్టాం. దానికి ఖర్చు కాలేదు.

బండి లీటరుకి పన్నెండు, పదమూడు ఇస్తోంది. గేరు మూడు నుంచి రెండుకి వేసేటప్పుడు ఇంకా గర్రుమంటుంది. ఉస్తాద్‌ని అడిగితే ఇంకో ఎనిమిది వేలు అన్నాడు, వద్దని దండం పెట్టాం. అమ్మీకి ఇప్పటిదాకా 61,000 తిరిగి ఇచ్చాం. ఇంకా ఇవ్వాల్సింది 34,000. ఆమె పాస్‌పోర్టు వచ్చే ఏడాది వరకు ఉంది.